పురుగులు అంటని కారు

ఫిబ్రవరి 4

వదినా,

మీరిద్దరూ కులాసాగానే ఉన్నారని నా నమ్మకం, కాబట్టి నేరుగా అసలు సంగతికి వచ్చేస్తున్నాను. కారు కొన్నాను. కొత్తది కాదు, ఒక లెక్కల మాస్టారి దగ్గర ఉండేది. ముదురు మెరూన్ రంగు. నాలుగు తలుపులు, అందులో మూడు బయటినుంచి కూడా తెరుచుకుంటాయి. డ్రైవింగు పరీక్ష కూడా పాసయ్యాను, రెండోసారికి. మొదటిసారి ఏమైందో నువ్వు అడగకు, నేను చెప్పను.

నలభై ఏడేళ్లొచ్చాక, పొద్దస్తమానం కుట్టుమిషను ముందు కూర్చునేదానికి కారెందుకని ఈ వీధిలో అందరూ అడిగేశారు, నీ వంతు మిగల్లేదు. నీ దగ్గరికి రావడానికే. మీ ఊరికి రెండు బస్సులు మారి, మూడోదాంట్లో నిలబడి వచ్చేసరికి నా తలప్రాణం తోకకొస్తోంది. కారంటూ కొంటే నెలకోసారి నీ గుమ్మం ముందు దిగుతానని నేను కోసిన కోతలు నువ్వు మరిచిపోయి ఉంటావన్న ఆశ నాకు లేదు.

ఇక నీతో పని. కార్ల సామాన్ల కొట్లో కౌంటరు దగ్గర కూర్చుని, ఊళ్లో కార్లన్నిటికీ స్నానం సరుకులు అమ్ముతున్నదానివి. నేనేమో మొన్న ఆదివారం నా కారుని గిన్నెలు తోమే సబ్బుతో కడిగాను. పీచు కూడా తియ్యబోతుంటే మా ఆయన పేపరు కిందికి దించి, అది బాణలి కాదు అన్నాడు. కారు కొన్న దగ్గర్నుంచీ ఆయన అందులో ముందు సీట్లో కూర్చునే పేపరు చదువుతున్నాడు. ప్రెస్సులో రోజంతా అచ్చుతప్పులు దిద్దే మనిషికి ఇంట్లో ఇంత మెత్తటి కుర్చీ ఎప్పుడూ దొరకలేదట. నురగ మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది. ఆరాక చూస్తే కారు నాకంటే వయసులో పెద్దదానిలా కనిపించింది.

నాలాంటి కొత్త చేతికి కడగడానికి ఏమేం కావాలో, మెరుపుకి పూసే ఆ వాక్స్ ఏది మంచిదో చెప్పు. ఫోనెత్తితే చెవిలో హోరు తప్ప ఏమీ వినపడదంటావు కాబట్టి ఈ ఉత్తరం.

చిన్నప్పుడు గోడ మీంచి దూకి నీ చేత ఆ పేరు పెట్టించుకున్న
గడుగ్గాయి

ఫిబ్రవరి 12

గడుగ్గాయికి,

నీ ఉత్తరం కౌంటరు దగ్గరే పైకి చదివాను. గిన్నెల సబ్బు దగ్గరికి రాగానే అక్కడున్న ఇద్దరు నవ్వారు. మూడో ఆయన నవ్వకుండా ఒక షాంపూ డబ్బా కొనుక్కుని గబగబా వెళ్లిపోయాడు. కాబట్టి లోకంలో నువ్వొక్కదానివే కాదు.

ఆ సబ్బు మురికితోబాటు పాత వాక్సుని కూడా ఊడ్చేస్తుంది, అందుకే నీ కారు బోసిపోయింది. పార్సెల్లో పెట్టినవి చూసుకో. కార్లకని చేసిన షాంపూ, ఘాటు లేనిది, బకెట్టు నీళ్లకి ఒక మూతెడు చాలు. చేతికి తొడుక్కునే మెత్తటి గ్లవ్వు. తుడవడానికి మైక్రోఫైబర్ గుడ్డలు. చక్రాలకి వేరే బ్రష్షు. బకెట్లు నీ దగ్గరే ఉంటాయి, రెండు కావాలి, ఒకదాంట్లో షాంపూ, ఇంకోదాంట్లో మామూలు నీళ్లు. మురికైన గ్లవ్వుని మామూలు నీళ్లలో జాడించాకే మళ్లీ షాంపూలో ముంచాలి, లేకపోతే కారుని దాని ఇసుకతోనే గీకినట్టవుతుంది. పైనుంచి కిందికి రావాలి. ఎండలో వద్దు.

వాక్స్ అంటావా, డబ్బాలో గట్టిగా ఉండేది చెయ్యి తిరిగినవాళ్లకి. నీకు పల్చగా ఉండే సీసా పంపాను. స్పాంజి బిళ్లతో కొంచెం కొంచెం పూసి, పొగమంచులా తెల్లబడ్డాక పొడిగుడ్డతో తుడిచెయ్యి. కారంతా ఒకేసారి పూసెయ్యకు, భాగాలు చేసుకుని ఒక్కోటీ పూర్తిచేస్తూ ముందుకెళ్లు.

ఇప్పుడు నా సంగతి. ఏప్రిల్ ఇరవై ఎనిమిదితో ఉద్యోగం చాలించి నేను కౌంటరు దిగిపోతున్నాను. ఆ సాయంత్రం ఓనరు అందరికీ టీ ఇస్తానంటున్నాడు. నాకు ఒకే ఒక్క కోరిక ఉంది, నవ్వకు. ఇన్నేళ్లుగా ఎవరెవరి కార్లో వచ్చి ఈ మెట్ల ముందు ఆగాయి, నా మనుషులది ఒక్కటీ ఆగలేదు. మీ అన్నయ్య సంగతి తెలుసుగా, సైకిలు కూడా దిగి నడిపించుకుంటూ రోడ్డు దాటే మనిషి. ఆ రోజు నువ్వు నీ కారు నడుపుకుంటూ రావాలి, నన్ను ఎక్కించుకుని ఇంటికి తీసుకెళ్లాలి. కారు అద్దంలా మెరవాలి. ఇది అడగడానికే పార్సెల్ బరువు కాస్త పెంచాను.

నీ వదిన

మార్చి 3

కౌంటరు మహారాణికి,

పార్సెల్ విప్పి అన్నీ బల్ల మీద వరసగా పెట్టి మా ఆయనకి చూపించాను. ఆపరేషను ఎవరికని అడిగాడు.

ఆదివారం నీడ చూసుకుని మొదలుపెట్టాను. రెండు బకెట్లు, గ్లవ్వు, పైనుంచి కిందికి, అంతా నువ్వు చెప్పినట్టే. కడగడం బాగానే వచ్చింది, గొడవంతా వాక్సుతో. భాగాలు చేసుకోమన్నావా లేదా? భాగాలంటే నాకు తెలిసిన పద్ధతి ఒకటే. టేపు తెచ్చి బానెట్టు కొలిచాను, మధ్యకి గుర్తు పెట్టుకుని, బట్ట మీద గీసినట్టే దర్జీ సుద్దతో గట్టిగా గీతలు గీశాను. నాలుగు ముక్కలు, చక్కగా సమానంగా వచ్చాయి. ముందు చక్రం పైన, చొక్కాకి చంక దగ్గర తీసినట్టు ఒక వంపు కూడా తీశాను, అక్కడ అలా ఉంటే బాగుంటుందనిపించింది. అన్నీ పూసి, తుడిచి, వెనక్కి జరిగి చూస్తే వాక్స్ మెరుస్తోంది, గీతలు కూడా మెరుస్తున్నాయి. సుద్ద పోయింది గానీ అది గీకిన గాటు పోలేదు. కత్తెర పట్టుకుని ఎవరైనా వస్తే ఇప్పటికిప్పుడు కత్తిరించెయ్యొచ్చు.

అంతటితో ఆగానా? నువ్వు పంపిన గుడ్డలు మరీ కొత్తగా ఉన్నాయని దాచుకుని, నా కుట్టుకొట్లో మిగిలిన వెల్వెట్టు ముక్క పట్టుకొచ్చాను. అందులో గుండుసూది ఉంది. తలుపు మీద ఈ చివర నుంచి ఆ చివరికి ఒక గీత. బంపరు చుట్టూ ఉన్న నల్ల ప్లాస్టిక్కుని మాత్రం ఎందుకు వదలాలని దానికీ వాక్స్ పట్టించాను, అది పాలు తాగిన మూతిలా తెల్లగా ఎండిపోయింది. మా కొట్టు బోర్డు మీద 'అనుభవమున్న చేతులు' అని రాయించుకున్నాను కదా, ఆ ముక్క చెరిపేద్దామా అని ఆలోచిస్తున్నాను.

ఏప్రిల్ ఇరవై ఎనిమిది సంగతి చదివాను. వస్తాను, రాకపోవడమేమిటి. ముందు ఈ గీతలకి మందు చెప్పు.

గడుగ్గాయి

మార్చి 13

సుద్దముక్క పిల్లకి,

నీ ఉత్తరం చదివి వినిపిస్తే మీ అన్నయ్య నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. ఆ రాత్రంతా నాకు నిద్ర లేదు, ఆ పాపం నీదే.

గోరు పెట్టి చూడు. గోటికి తగలనంత సన్నటి గీతలైతే పాలిష్‌తో మాసిపోతాయి, ఒక చిన్న డబ్బా పంపుతున్నాను. వేలి కొనంత తీసుకుని గుండ్రంగా రుద్ది, ఆపైన మళ్లీ వాక్స్ పుయ్యి. నల్ల ప్లాస్టిక్కుకి వాక్స్ తగలకూడదని నేను ముందే చెప్పాల్సింది, ఆ తప్పు నాది. పాత పళ్ల బ్రష్షుని షాంపూ నీళ్లలో ముంచి తోమితే చాలావరకు పోతుంది. మైక్రోఫైబర్ గుడ్డలు దాచుకోవడానికి పట్టుబట్టలు కావు, వాడు. చక్రాల బ్రష్షు ఎలా ఉందో రాయలేదు, అది మా కొట్లో బాగా పోయే సరుకు.

ఏప్రిల్ దాకా ఎందుకు, ఈలోగా ఒక ఆదివారం రాకూడదూ? నీ కారు కోసమని మీ అన్నయ్య ఇంటి ముందు పూలకుండీలన్నీ జరిపేశాడు. ఆ ఖాళీలో మోటారు సైకిలు పెట్టుకుంటామని పక్కింటివాళ్లు అడిగితే ఇవ్వనన్నాడు. నేను కూడా తక్కువ తినలేదు, నా ఆడపడుచు కారు వస్తుందని, అందులో మొహం చూసుకోవచ్చని కొట్లో అందరికీ చెప్పేశాను.

నీ వదిన

మార్చి 25

వదినా,

గీతలు చాలావరకు మాసిపోయాయి. చంక వంపు ఒక్కటి ఇంకా ఉంది, తెలిసినవాళ్లకే కనిపిస్తుంది, అంటే మా వీధిలో అందరికీ. వాక్స్ మూడో పూత వేశాను. బానెట్టు మీద నీటి చుక్క నిలవకుండా జారిపోతోంది. మొన్న మా ఆయన కారు తలుపులో చూసుకుంటూ గడ్డం గీసుకున్నాడు.

ఆదివారం రావాలనే ఉంది. కానీ మూడో పూత బాగా పట్టుకునేదాకా దుమ్ము తగలకుండా ఉంచడం మంచిదేమోనని చూస్తున్నాను. పైగా ఊరి చివర రోడ్డు తవ్వారట. స్కూలు యూనిఫారాలు కూడా ఒప్పుకున్నాను, మెడ ఎత్తే తీరిక లేదు. అన్నయ్యని కుండీలు మళ్లీ పెట్టేసుకోమను, పాపం మొక్కలు.

ఇంకో మాట. ఏప్రిల్ చివర్లో ఒక్కోసారి వానలు పడతాయి కదా. ఇంత కష్టపడి మెరిపించిన కారు బురదతో వచ్చి ఆగితే నలుగురిలో నీకే చిన్నతనం. ఆ రోజుకి నేను బస్సులో వచ్చేస్తే ఎలా ఉంటుందంటావు? నేను రావడం ముఖ్యం గానీ కారు రావడం కాదు కదా.

అన్నట్టు, రంగు మీద పట్టిన గరుకంతా లాగేసే మట్టిముద్దలాంటి బంక ఒకటి ఉంటుందట. అది నాలాంటిది వాడొచ్చా?

గడుగ్గాయి

ఏప్రిల్ 3

ఆడపడుచుగారికి,

మీ ఉత్తరం అందింది. మీ కారుకి దుమ్మూ వానా పడవని తెలిసింది. మా కొట్టు ముందు రెండూ ఉంటాయి. కారు కొన్నవారికి మా మెట్ల ముందు ఆపడం మొహమాటంగానే ఉంటుంది, మేమే ఆ సంగతి తెలుసుకోకుండా అడిగాము. మీరు బస్సులో వచ్చినా సరే, వీలు కుదరక రాకపోయినా సరే.

మీరడిగిన బంక కొత్తగా నేర్చుకునేవారికి అనవసరం. కుండీలు మీ అన్నయ్యగారు మళ్లీ పెట్టేశారు.

మీ వదినగారు

ఏప్రిల్ 8

వదినా,

'మీరు' అన్నావు. మా ఇంటికి కోడలిగా వచ్చిన దగ్గర్నుంచీ నన్ను తిట్టావు, చెవి మెలిపెట్టావు, ఒకసారి చెప్పు కూడా విసిరావు, కానీ ఎప్పుడూ మీరు అనలేదు. ఉత్తరం పట్టుకుని కొట్లో కూర్చుంటే, కొలతలివ్వడానికి వచ్చిన ఆవిడ ఎవరైనా పోయారా అని అడిగింది.

నీ కొట్టు ముందు ఆపడానికి నాకు మొహమాటమా? డిక్కీలో యూనిఫారాల మూట పెడితే మూత పడని కారు నాది, దాన్ని చూసుకుని నేను మిడిసిపడతానా? అది కాదు వదినా. ఏదో ఉంది, రాయడానికి చెయ్యి రావట్లేదు. రాయబోయిన ప్రతిసారీ లేచి వెళ్లి కారు తుడిచి వస్తున్నాను. నాలుగో పూత కూడా అయిపోయింది, సీసా అడుగంటింది.

కోపం తగ్గాక ఒక ముక్క రాయి. నువ్వు అని రాయి.

గడుగ్గాయి

ఏప్రిల్ 14

ఒసేయ్ గడుగ్గాయ్,

నీ ఉత్తరాలన్నీ ముందేసుకుని మళ్లీ చదివాను. కోపం పోయింది, నవ్వొచ్చింది, కాసేపటికి ఆ నవ్వు కూడా పోయింది.

ఈ కౌంటరు దగ్గరికి వచ్చేవాళ్లు మొదట షాంపూ అడుగుతారు, తర్వాత వాక్స్. కానీ కొత్తగా కారు కొన్న ప్రతివాళ్లూ నెల తిరక్కుండా పరుగెత్తుకొచ్చి అడిగేది ఒకటుంది, ముందు బంపరు మీద చచ్చి అతుక్కున్న పురుగులు ఎలా పోతాయని. ఆ తర్వాత తారు చుక్కలు, చక్రాలకి పట్టే నల్లటి పొడి. నువ్వు సుద్ద గురించి రాశావు, సూది గురించి రాశావు, పూత మీద పూత గురించి రాశావు. ఒక్క పురుగు గురించి రాయలేదు. చక్రాల బ్రష్షు గురించి అడిగితే పలకలేదు. నీ కారుకి దుమ్ము తప్ప మరేమీ పట్టదు. రోడ్డెక్కిన కారు అలా ఉండదు.

నువ్వు దాన్ని నడపట్లేదు. అవునా?

సరే, నేనూ ఒకటి చెప్తాను, ఎవరితోనూ అనకు. ఇంతవరకు నేను ఒక్క కారూ కడగలేదు. ఒక్కటంటే ఒక్కటి. నీకు రాసిందంతా సీసాల మీద అచ్చువేసి ఉన్నది, కొట్టుకొచ్చినవాళ్లు చెప్పుకుంటుంటే విన్నది. పొగమంచులా తెల్లబడుతుందని రాశానే, అది కూడా కళ్లతో చూడలేదు. నల్ల ప్లాస్టిక్కు సంగతి నీ ఉత్తరం వచ్చాక ఒక మెకానిక్కుని అడిగి తెలుసుకున్నాను. కౌంటరు మీద చెయ్యేసి ఇన్నేళ్లు ఎంత ధీమాగా చెప్పానో తలుచుకుంటే నాకే సిగ్గేస్తోంది. మనిద్దరిలో కారు కడిగినదానివి నువ్వే.

ఈ పార్సెల్లో ఒకటే సీసా ఉంది, పురుగుల మరకలు పోగొట్టేది. ఇరవై ఎనిమిది దాకా షాంపూ మూత గానీ వాక్స్ మూత గానీ తీశావంటే నా మీద ఒట్టే. కారు మెరవక్కర్లేదు. వస్తే చాలు. కుండీలు మళ్లీ జరిపించాను.

నీ వదిన

ఏప్రిల్ 21

వదినా,

అవును.

నీకు మొదటి ఉత్తరం రాసిన వారానికే జరిగింది. మా కొట్టు దగ్గర నాలుగు రోడ్ల మధ్యలో బండి ఆగిపోయింది. వెనక హారన్లు. గేరు ఏదో, క్లచ్చు ఏదో, ఏ కాలు ఎక్కడుందో తెలియలేదు. అప్పుడు నీ గడుగ్గాయి ఏం చేసిందనుకున్నావు? దిగి, తలుపేసి, తాళం కూడా వేసి, నడుచుకుంటూ కొట్లోకి వచ్చి మిషను ముందు కూర్చుంది. సగంలో ఉన్న చొక్కాకి కాలరు కుట్టాను. నడిరోడ్డు మీద కారు, దాని చుట్టూ ఊరంతా. మెకానిక్కు వచ్చి తాళాలు అడిగితే, కాలరు పూర్తయ్యాకే తలెత్తాను. దాన్ని తిరగేసి కుట్టానని తర్వాత తెలిసింది.

ఆ రోజు నుంచి షెడ్డులోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి షెడ్డులోకి తప్ప దాన్ని కదపలేదు. గోడలు దూకినదాన్నని పేరు మోస్తూ, భయమేస్తోందని నీకెలా రాయను? కడుగుతున్నంతసేపూ ఆ కారు నాదేననిపించేది, అందుకే అన్నిసార్లు కడిగాను.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు బయటికి తీశాను. మా ఆయన పక్క సీట్లో కూర్చుని, నాకు హారన్లు వినపడకుండా పేపరు పైకి చదువుతున్నాడు. మధ్యలో అచ్చుతప్పు కనిపిస్తే ఆగిపోతున్నాడు, అప్పుడు నేనూ ఆగిపోతున్నాను. మొన్న ఆ నాలుగు రోడ్లు దాటాను. బండి రెండుసార్లు ఆగింది, నేను దిగలేదు.

కారు మీద దుమ్ము పేరుకుపోయింది. మా ఆయన వెనక అద్దం మీద వేలితో 'సరిచూడబడినది' అని రాశాడు. కడగాలని చెయ్యి దురదపెడుతోంది గానీ నీ ఒట్టు గుర్తొచ్చి ఊరుకుంటున్నాను. పురుగు మాత్రం ఇంకా ఒక్కటీ తగల్లేదు, అవి నాకంటే వేగంగా పోతున్నాయి.

రావాలని ఉంది. మాటివ్వలేను, ఊరి పొలిమేర దాటాక నాకేమవుతుందో నాకే తెలియదు.

ఆ పేరు ఇంకా నాదే అయితే, నీ
గడుగ్గాయి

మే 2

గడుగ్గాయికి,

ఆ పేరు నీదే. ఆ రోజు నలుగురిలో చెప్పలేనిదంతా ఇప్పుడు రాస్తున్నాను.

టీలు అయిపోయాయి, ఓనరు షట్టరు సగం దించేశాడు. నేను మెట్ల మీదే నిలబడి ఉన్నాను. ఇక బస్టాండుకి వెళ్లి చూద్దామా అన్నాడు మీ అన్నయ్య. అప్పుడు మలుపులో లారీ హారను వినిపించింది, దాని వెనక ఇంకో లారీ. ఆ రెండిటికీ ముందు మెల్లగా పాకుతూ ఒక మట్టిముద్ద. వాన వెలిసి చాలాసేపైనా వైపర్లు ఆడుతూనే ఉన్నాయి. ఒకవైపు అద్దం ఊడి వేలాడుతోంది. మీ ఆయన చేతిలో పేపరు తలకిందులుగా ఉంది. మెట్టుకి ఇంచుమించు తగిలి ఆగింది. మొహం చూసుకునే కారు ఇదేనా అని ఓనరు అడిగాడు, అందరూ నవ్వారు. ఇదే అన్నాను.

కిందికి దిగి ముందుగా బంపరు చూశాను. పురుగులు. రెక్కలు, కాళ్లు, పచ్చగా ఒక మిడత. నువ్వు స్టీరింగు వదలకుండా అలాగే కూర్చుని ఉన్నావు. నాకు ఏడుపొచ్చేసింది. నువ్వేమో కారు మురికి చూసి ఏడుస్తున్నాననుకుని, "కడగొద్దని నువ్వే కదా ఒట్టేశావు" అన్నావు. అందుకు కాదే పిచ్చిదానా. ఇన్నేళ్లలో ఆ మెట్ల ముందు ఆగిన కార్లలో అంత అందమైనది నేను చూడలేదు.

మర్నాడు నేను దాన్ని కడిగిన తీరు మాత్రం ఎవరికీ చెప్పకు. పైనుంచి కిందికని ఊరంతటికీ చెప్పినదాన్ని, చక్రాల దగ్గర మొదలుపెట్టి అదే గ్లవ్వుతో బానెట్టు ఎక్కాను. రెండు బకెట్లూ కలిపేశాను. నువ్వు గ్లవ్వు లాక్కుని నేర్పించాల్సి వచ్చింది. కానీ వాక్స్ పూసి కూర్చుంటే నిజంగానే పొగమంచులా తెల్లబడింది. అది చూడడానికి నేను కౌంటరు దిగాల్సి వచ్చింది.

వేలాడే అద్దం బాగుచేయించు. చేరినట్టు రాయి. దారిలో ఎన్నిసార్లు ఆగావో రాయకు, మీ అన్నయ్య నిద్రపోడు.

వదిన

మే 9

వదినా,

చేరాము. మా నాలుగు రోడ్ల దగ్గర బండి ఆగలేదు, నేనే పక్కకి తీసి ఆపాను, మా ఆయనకి ఆ రోజు పేపరు కొనాలట.

కుండీలు వెనక్కి పెట్టొద్దని అన్నయ్యతో చెప్పు. ముందు బంపరు మళ్లీ నిండిపోయింది, నువ్వు పంపిన పురుగుల సీసా అయిపోయింది. ఇంకొకటి కావాలి.

పార్సెల్ చెయ్యకు. ఆదివారం నేనే వచ్చి తీసుకుంటాను.

గడుగ్గాయి